ఆత్మ ఎదగడానికి గుంటడు పోవాలా?

ఈ టపా రాయాలా వద్దా అని చాలాకాలంగా నానుస్తున్నాను. ఎందుకంటే ఇందులో మాటజారినవాణ్ణి నేనే. ఎవరినో తిట్టడం తేలిక, మన తప్పు మనం రాసుకోవడమే కష్టం. సరే, మొదలెట్టేస్తాను.

2021లో కరోనా పుణ్యమా అని ఆఫీసు మూసేసి అందరినీ ఇళ్ళకి పంపేశారు. నేను లాప్‌టాప్ చంకన పెట్టుకుని మా కళింగపట్నం చేరిపోయాను. పొద్దున్నించీ మీటింగులు, సాయంత్రం సముద్రం. లైట్‌హౌస్ వైపు నడుస్తూ చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వేదాంత ప్రవచనాలు వినడం అలవాటైంది. ఇరవైనాలుగేళ్ళ కుర్రాడికి నాలుగు ప్రవచనాలు ఎక్కితే ఎలా ఉంటుందో తెలుసుగా? లోకంలో ప్రతిదానికీ నా దగ్గర జవాబుంది అనిపించేది. జన్మంటే సాఫ్ట్‌వేర్‌లో ఒక రిలీజ్, కష్టాలన్నీ టెస్ట్ కేసులు, మోక్షం ఫైనల్ వెర్షన్... ఇలాంటి పోలికలు తయారుచేసి ఫ్రెండ్స్‌కి పంపేవాణ్ణి కూడా. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

మా వీధిలోకి చేపల గంప తెచ్చే ఒకావిడ ఉంది. చిన్నప్పట్నుంచీ అత్తా అనే పిలుస్తాను. ఆ ఏడు వేసవి వేట నిషేధం ఎత్తేసిన కొన్నాళ్ళకే వాళ్ళబ్బాయి సముద్రంలోకి వెళ్ళి తిరిగి రాలేదు. నెల తర్వాత ఆవిడ మళ్ళీ గంప ఎత్తుకుని వచ్చింది. మా అరుగు మీద కూర్చుని ఏడుస్తుంటే నాకేం చెప్పాలో తెలీలేదు. తెలీనప్పుడు నోరు మూసుకోవాలి కదా. నేను మూసుకోలేదు. “బాధపడకత్తా, ఇవన్నీ ఆత్మ ఎదగడానికే వస్తాయి” అన్నాను.

ఆవిడ కళ్ళు తుడుచుకుని నావైపు చూసింది. కోపం కూడా లేదు ఆ చూపులో.

“నా ఆత్మ పెరగడానికి నా గుంటడు పోవాలేటి బాబూ?”

అంతే. గంప ఎత్తుకుని వెళ్ళిపోయింది.

ఆ ప్రశ్నకి జవాబు వెతుక్కుంటూనే అసలు మనవాళ్ళు ఏం చెప్పారో సరిగ్గా చదవడం మొదలెట్టాను. మొదటి దెబ్బ గీత రెండో అధ్యాయంలోనే తగిలింది. ఆత్మ పుట్టదు, చావదు, మారదు అంటుంది గీత. మారనిది ఎదగడమేంటి మరి? “ఆత్మ ఎదుగుదల” అని మనం తేలిగ్గా వాడేసే మాటే అద్వైతానికి సరిపడదు. ఆ లెక్కలో శుభ్రపడేది అంతఃకరణం. ఆత్మ ఎప్పుడూ నిండుగానే ఉంటుంది, దాన్ని కప్పిన అజ్ఞానం తొలగుతుంది, అంతే. రామానుజుల దారిలో ఆత్మ స్వరూపం మారదు గానీ దాని జ్ఞానం మాత్రం కర్మవల్ల ముడుచుకుంటుంది, మళ్ళీ విచ్చుకుంటుంది. మనం అనుకునే ఎదుగుదలకి కాస్త దగ్గరగా వచ్చేది ఇదే. మధ్వులు ఇంకో మాటన్నారు. జీవుళ్ళన్నీ స్వభావంలోనే వేరువేరు, సాధనవల్ల ఎవరి స్వరూపం వారికి బయటపడుతుంది, అందరి గమ్యం ఒకటి కాదు అని.

ఇవన్నీ ఎక్కడో కాశీలోనో ఉడిపిలోనో తేలాల్సిన చర్చలనుకునేవాణ్ణి. కాదండీ. మా ఒక్క గార మండలంలోనే ఈ చర్చ మొత్తం రాళ్ళ మీద ఉంది. మధ్వాచార్యుల శిష్యుడు నరహరితీర్థులు గాంగ రాజుల కాలంలో కళింగ పాలనా వ్యవహారాలు చూసినవారు. ఆయన 1281 నాటి శాసనం శ్రీకూర్మంలో ఉంది. మా ఊరికి పక్కనే వంశధార ఒడ్డున శాలిహుండం కొండ మీద బౌద్ధ స్తూపాలున్నాయి. 1919లో వాటిని వెలుగులోకి తెచ్చింది మన గిడుగు రామమూర్తి పంతులుగారే. ఆ కొండ మీది భిక్షువుల్ని అడిగితే అసలు ఆత్మే లేదు, ఒక దీపం నుంచి ఇంకో దీపం అంటుకున్నట్టు సంస్కారాల ప్రవాహమే ఉంది అనుండేవారు. అంటే నేను అరుగు మీద కూర్చుని ఒక్క ముక్కలో తేల్చేసిన విషయం మీద, మా చుట్టుపక్కలే వందల ఏళ్ళపాటు మహామహులు ఏకాభిప్రాయానికి రాలేదు!

కానీ వీళ్ళందరూ ఒప్పుకునే సంగతి ఒకటుంది. మనం చేసిన పని, అనుభవించిన అనుభవం ఊరికే పోదు. మనసులో ముద్ర వేస్తుంది. అదే సంస్కారం. గీత ఆరో అధ్యాయంలో అర్జునుడు అడుగుతాడు, మధ్యలో ఆగిపోయినవాడి గతేంటని. వాడి శ్రమ వృథా పోదు, మళ్ళీ పుట్టి ఆగినచోటి నుంచే మొదలెడతాడు అంటాడు కృష్ణుడు. నాకు ఎంతో ధైర్యాన్నిచ్చే మాట అది.

అయితే ఇక్కడే మనం ఓ పొరపాటు చేస్తున్నాం. అనుభవం నేర్పుతుంది అన్నది నిజమైతే, ప్రతి కష్టమూ మనకి పాఠం చెప్పడానికే వచ్చింది అని దాని అర్థం కాదు. మొదటిది కష్టం వచ్చాక మనం చేసుకునే సాధన గురించి. రెండోది కష్టం ఎందుకొచ్చిందో మనకి తెలుసు అనే అహంకారం. అదే కష్టం ఒకణ్ణి మెత్తబరుస్తుంది, ఇంకొకణ్ణి రాయి చేస్తుంది. కష్టానికే ఎదిగించే శక్తి ఉంటే ఈపాటికి లోకంలో పేదవాళ్ళందరూ ఋషులైపోవాలి.

భాగవతం ఏకాదశ స్కంధంలో అవధూత కథ చూడండి. ఆయనకి ఇరవైనలుగురు గురువులు. భూమి, గాలి, సముద్రం, కొండచిలువ, తేనెటీగ... వాళ్ళలో ఒక పావురం కూడా ఉంది. వేటగాడి వలలో పెళ్ళాం పిల్లలు చిక్కుకుంటే ఆ దుఃఖంలో తనూ వెళ్ళి వలలో పడిపోతుంది. అది చూసి మితిమీరిన మమకారం ఏం చేస్తుందో అవధూత నేర్చుకున్నాడు. గమనించారా? ఆయన నేర్చుకున్నాడు. అంతేగానీ ఆ పావురం దగ్గరికెళ్ళి “ఇదంతా నీ ఎదుగుదలకే తల్లీ” అని ఉపన్యాసం ఇవ్వలేదు.

మరి కృష్ణుడు అర్జునుడికి చెప్పలేదా అంటారేమో. చెప్పాడు. కానీ అర్జునుడు “నేను నీ శిష్యుణ్ణి, నాకు చెప్పు” అని శరణన్న తర్వాతే అసలు బోధ మొదలెట్టాడు. పైగా అంతటి గీత విన్న అర్జునుడు కూడా తర్వాత అభిమన్యుడు పోయినప్పుడు ఏడ్చాడు. గీత విన్నంత మాత్రాన కొడుకు దుఃఖం ఆగలేదు. ఆగాలని వ్యాసుడూ అనలేదు.

నాకు బాగా తగిలింది మాత్రం అరణ్యపర్వంలో కౌశికుడి కథ. వేదాలు చదివినవాడు, కోపంగా చూసి కొంగని చంపినవాడు. అతనికి బుద్ధి చెప్పింది ఎవరు? మొగుడికి అన్నం పెడుతూ భిక్ష ఆలస్యం చేసిన ఒక ఇల్లాలు, ఆవిడ పంపితే మిథిలలో మాంసం అమ్ముకునే ధర్మవ్యాధుడు. చదువున్నవాడు వెళ్ళి మాంసం కొట్టు ముందు నిలబడి ధర్మం నేర్చుకున్నాడు. నా విషయంలో మాంసం బదులు చేపలు, అంతే తేడా.

నా అభిప్రాయం చెప్పేస్తాను. కష్టం మనల్ని ఎదిగిస్తుంది అన్నది “నేను” అని చెప్పుకోవాల్సిన మాట. “నువ్వు” అనగానే అది విషమైపోతుంది. నా కష్టం గురించి నేననుకుంటే సాధన, ఎదుటివాడి కష్టం గురించి నేనంటే క్రూరత్వం. ఎవడో పేదగా పుట్టాడంటే “వాడి ఖర్మ” అని చేతులు దులుపుకోవడం కూడా ఈ రెండో రకమే. ఎదుటివాడి కర్మ సంగతి నాకు తెలీదు. వాడికి అన్నం పెట్టడం నా కర్మ అన్నది మాత్రం తెలుసు.

ఇంతకీ ఆ అత్త సంగతి. అదే ఏడు సెప్టెంబరు 26, ఆదివారం రాత్రి గులాబ్ తుఫాను మా ఊరికి ఉత్తరాన, దగ్గర్లోనే తీరం దాటింది. అంతకు ముందురోజు బోట్ల దగ్గర ఆవిణ్ణి చూశాను. కుర్రాళ్ళు దగ్గర్లోనే వలేసి వచ్చేస్తాం అంటుంటే ఒక్కొక్కడి చెయ్యీ పట్టుకుని ఆపుతోంది. “ఒక్క దినం కూడు నేకపోతే సావర్రా... మీ అమ్మలు సత్తారు” అని అరుస్తోంది. ఎవరూ వెళ్ళలేదు. ఆ సాయంత్రం వాళ్ళందరికీ అన్నం వండింది.

ఇది ఎదుగుదలా? నేననుకుంటే అవునేమో. కానీ ఆవిడతో ఆ మాట అనలేదు. ఎందుకంటే ఆవిడ ఇప్పటికీ ఆ ఎదుగుదల వెనక్కి తీసుకుని కొడుకునిచ్చేయమంటే క్షణం ఆలోచించదు. ఆ రోజు చేసిందల్లా, నోరు మూసుకుని బోట్లు పైకి లాగడంలో నలుగురితో పాటు ఓ చెయ్యి వేయడమే. ఎవరికన్నా ఏమన్నా ఎదిగుంటే అది నాకే, అదీ కాస్త.

మీరేమంటారు?