తువ్వాలు వేసిన సీట్లు



నర్సీపట్నం బస్టాండులో బస్సు ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు ఆపుకోవడం మనమెరిగినదే. కంప్యూటరు భాషలూ అంతే. ఇఫ్, ఫర్, క్లాస్ వంటి మాటలపై ముందే తువ్వాళ్ళు పరచుకున్నాయి. పైథానులో అలాంటివి 35. వాటిని మన చరరాశులకు పేర్లుగా పెట్టరాదు.

మొన్న సంక్రాంతికి ఊరెళితే, తొమ్మిదో తరగతి చదివే మా మేనల్లుడు మార్కుల పట్టీకి పైథానులో ప్రోగ్రాము వ్రాస్తున్నాడు. విద్యార్థి తరగతిని దాచే చరరాశికి ‘క్లాస్’ అని పేరు పెట్టాడు. దోషమని వచ్చింది. “స్పెల్లింగు సరిగ్గానే ఉంది కదా మావయ్యా?” అన్నాడు. వాడికి నేర్పేవారు చెప్పిన మందు: ‘సి’ తీసి ‘కె’ పెట్టమని! స్పెల్లింగు తప్పితే మార్కులు కోసే మనమే, ఇక్కడ తప్పుగా వ్రాయడమే విద్య అంటున్నాం.

తెలుగులో ‘తరగతి’ అని వ్రాయమన్నాను. ప్రోగ్రాము నడిచింది. ఇందులో మహిమేమీ లేదు. 2008లో వచ్చిన పైథాన్ 3.0 నుండి తెలుగు లిపిలో పేర్లు చెల్లుతాయి. జావాలో అంతకు ముందునుండే చెల్లుతాయి. ఆ భాషల రిజర్వుడు మాటలన్నీ ఇంగ్లీషువే కనుక తెలుగు పేరుకు వాటితో పేచీ రాదు. రేపు కొత్త మాటలు చేరినా భయం లేదు. 2004లో జావా 5 ‘ఈనమ్’ను, 2018లో పైథాన్ 3.7 ‘అసింక్’ను సొంతం చేసుకున్నప్పుడు, ఆ పేర్లు వాడిన పాత ప్రోగ్రాములు మొరాయించాయి.

“ఇతరులకు అర్థం కాదు” అంటారా? పదిదేశాలవారు పంచుకునే ప్రోగ్రాములో ఇంగ్లీషే వ్రాయండి; పేచీ వస్తే పైథాను శైలి నియమావళి చెప్పినట్టు చివర అండర్‌స్కోరు తగిలించండి, అక్షరాలను మాత్రం చెరచకండి. కానీ నేర్చుకునే పిల్లవాడి ప్రోగ్రామును చదివేది వాడూ, వాడి పంతులూ. ఇద్దరూ తెలుగువారే. “కీబోర్డు మార్చుకోవాలి” అంటారా? టపాలకు టపాలు తెలుగులో కొట్టే మనమా ఆ మాట అనేది?

ఉన్న చిక్కల్లా ఒక్కటే. ‘మార్క్‌లు’ అని పొల్లును విడిగా నిలపడానికి మనం వాడే కనబడని అక్షరాన్ని పైథాను ఒప్పుకోదు. ‘మార్కులు’ అని వ్రాస్తే సరి. అజంత భాషవాళ్ళకు అదేమంత కష్టం?

తువ్వాలు పడని సీట్లు బస్సునిండా ఉన్నాయి. కూర్చోవడం మాని, ఒంటికాలిమీద నిలబడి ప్రయాణం చేయమని పిల్లలకు నేర్పడమెందుకు?