అంబులెన్స్‌లో రోగి పక్కన ఎవరున్నారు?

మా పట్టణంలోని మస్జిద్ కమిటీ కొన్నేళ్ళ క్రితం ఒక పాత వ్యాను కొనుగోలు చేసింది. జుమా నమాజు తర్వాత పరచిన దస్తీలో పడిన చిల్లర, గల్ఫ్‌లో ఉన్న మన పిల్లలు పంపిన సదఖా సొమ్ము, ఒకరిద్దరు వ్యాపారుల విరాళం కలిపి ఆ వాహనం వచ్చింది. తెల్లరంగు వేయించాము. పైన నీలి దీపం పెట్టించాము. పక్కన పెద్ద అక్షరాలతో ‘ఉచిత అంబులెన్స్’ అనీ, దాని కింద ‘ఆక్సిజన్ సౌకర్యం కలదు’ అనీ వ్రాయించాము. కమిటీ సభ్యుడిగా ఆ రెండు పంక్తులను ఖరారు చేసినవారిలో నేనూ ఒకడిని.

ఒక రాత్రి మా వీధిలో తోపుడుబండిపై పండ్లమ్ముకునే ఒక పెద్దాయనకు గుండెలో నొప్పి మొదలైంది. 108కు ఫోను చేస్తే, వాహనం మరొక ప్రమాదస్థలానికి వెళ్ళిందనీ, కొంత ఆలస్యమవుతుందనీ చెప్పారు. మా వ్యాను కదిలింది. ముందు డ్రైవరు, వెనక స్ట్రెచరుపై ఆయన, పక్కన పద్దెనిమిదేళ్ళ కుమారుడు. కర్నూలు పెద్దాసుపత్రికి గంటన్నర ప్రయాణం. దారిలో తండ్రికి ఊపిరి ఆడకపోవడం చూసి ఆ పిల్లవాడు సిలిండరు తెరవబోయాడు. ఏది తిప్పాలో అతనికి తెలియలేదు. డ్రైవరు బండి ఆపి వెనక్కి వచ్చి చూశాడు. అతనికీ తెలియలేదు. ఆసుపత్రికి చేరేసరికి ఆయన ప్రాణం పోయింది.

ఆక్సిజన్ అంది ఉంటే ఆయన బతికేవాడా అన్నది నేను చెప్పలేను. కాని మూడవ రోజు ఆ కుటుంబం మా కమిటీ వద్దకు వచ్చి, రూపాయి తీసుకోకుండా తీసుకెళ్ళినందుకు చేతులు జోడించి కృతజ్ఞతలు చెప్పింది. ఆ కృతజ్ఞత నన్ను నేటికీ నిద్రపోనివ్వదు.

కాగితాలన్నీ సక్రమమే

నేను ఉద్యోగజీవితంలో కొంతకాలం రవాణాశాఖ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేశాను. అంబులెన్స్‌ల రిజిస్ట్రేషన్ ఫైళ్ళు నా బల్లమీదుగానే వెళ్ళేవి. బీమా ఉందా, ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఉందా, కాలుష్య పత్రం ఉందా, డ్రైవరుకు లైసెన్సు ఉందా అని చూసేవాడిని. అన్నీ ఉంటే సంతకానికి పై అధికారికి పంపేవాడిని. ఈ బండిలో రోగి పక్కన కూర్చునే వ్యక్తి ఎవరు, అతనికి ఏమి తెలుసు అని నేను ఏనాడూ అడగలేదు. అడగమని నా ముందున్న ఏ నమూనాలోనూ గడి లేదు.

చట్టం ఎక్కడ నిలిచిపోయిందో పాఠకులు గమనించాలి. మోటారు వాహనాల చట్టంలోని 66వ సెక్షన్ ప్రకారం, కేవలం అంబులెన్స్‌గా వాడే వాహనానికి పర్మిట్ అవసరం లేదు. అత్యవసర సేవకు ఆటంకం కలగకూడదన్న సదుద్దేశంతో ఇచ్చిన మినహాయింపు అది. 2019 సవరణలో చేర్చిన 194-ఇ సెక్షన్ ప్రకారం, అంబులెన్స్‌కు దారి ఇవ్వనివారికి ఆరు నెలల వరకు జైలు, లేదా పదివేల రూపాయల జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. అదే సవరణ ప్రమాదం జరిగిన తర్వాతి గంటసేపటిని ‘గోల్డెన్ అవర్’గా నిర్వచించింది. సత్వర చికిత్స అందితే మరణాన్ని నివారించే అవకాశం అత్యధికంగా ఉండే సమయం అదేనని చట్టమే చెప్పింది. దారి ఇవ్వనివాడికి శిక్ష ఉంది. మరి దారి ఇచ్చిన తర్వాత ఆ వాహనంలో చికిత్స చేయగలిగినవాడు లేకపోతే ఎవరు జవాబుదారీ?

ఏఐఎస్-125 అనే జాతీయ ప్రమాణం అంబులెన్స్‌లను నాలుగు తరగతులుగా విభజించింది. మొదటిది ప్రథమ చికిత్స చేసే వ్యక్తిని త్వరగా చేర్చే వాహనం. రెండవది రోగిని తరలించడానికి మాత్రమే ఉద్దేశించినది. మూడవది ప్రాథమిక ప్రాణరక్షణ సదుపాయాలున్నది. నాలుగవది ఉన్నత ప్రాణరక్షణ సదుపాయాలున్నది. ఈ విభజన ఎంతో ఉపయోగకరమైనది. కాని ఇది ప్రధానంగా వాహన నిర్మాణానికీ, అందులోని అమరికలకూ సంబంధించినది. మరోవైపు, 2021లో పార్లమెంటు ఆమోదించిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం అత్యవసర వైద్య సాంకేతిక నిపుణులను ఒక వృత్తివర్గంగా గుర్తించింది. వాహనానికి ఒక ప్రమాణం ఉంది, మనిషికి ఒక గుర్తింపు ఉంది. ఆ మనిషి ఆ వాహనంలో ఉంటేనే అది రోడ్డెక్కాలని రెండింటినీ ముడివేసే లైసెన్సు మాత్రం మన ఊళ్ళలో తిరిగే ప్రైవేటు, ధర్మాదాయ వాహనాలను అడిగేవారు లేరు.

హకీం షేక్ పోరాడి తెచ్చిన తీర్పు

ఇది కొత్త కోరిక కాదు. 1992 జూలై 8న పశ్చిమ బెంగాల్‌లోని మథురాపూర్ స్టేషనులో హకీం షేక్ అనే వ్యవసాయ కార్మికుడు రైలు నుంచి పడి తలకు తీవ్రగాయాల పాలయ్యాడు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో సదుపాయం లేదు. కలకత్తాలోని ప్రభుత్వాసుపత్రులు ఒకదాని తర్వాత ఒకటి పడక లేదనో, పరికరం లేదనో వెనక్కి పంపాయి. చివరికి ప్రైవేటు ఆసుపత్రిలో చేరి సుమారు 17,000 రూపాయలు ఖర్చు చేసుకున్నాడు. అతడూ, అతని కార్మిక సంఘమూ సుప్రీంకోర్టును ఆశ్రయించారు.

1996లో వెలువడిన తీర్పు, సకాలంలో అత్యవసర చికిత్స నిరాకరించడం రాజ్యాంగంలోని 21వ అధికరణం ప్రసాదించిన జీవించే హక్కును ఉల్లంఘించడమేనని స్పష్టం చేసింది. అతనికి 25,000 రూపాయల పరిహారం ఇప్పించింది. పరిహారం గురించి చెప్పుకున్నంతగా మరొక ఆదేశం గురించి మనం చెప్పుకోలేదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నుంచి పెద్ద ఆసుపత్రికి రోగిని చేర్చడానికి అంబులెన్స్‌లు ఏర్పాటు చేయాలనీ, వాటిలో అవసరమైన పరికరాలతోపాటు వైద్య సిబ్బంది కూడా ఉండాలనీ న్యాయస్థానం ఆదేశించింది. ఆనాడే సిబ్బంది మాట వచ్చింది. ఒక పేద ముస్లిం కూలీ నెత్తురోడుతూ సంపాదించిన ఆ వాక్యాన్ని మనమే మరచిపోతే ఇతరులను నిందించి ప్రయోజనమేమిటి?

గుజరాత్ 2007లోనే అత్యవసర వైద్యసేవల కోసం ప్రత్యేక చట్టం చేసుకున్నది. రాజస్థాన్ 2023లో చేసిన ఆరోగ్య హక్కు చట్టంలో అత్యవసర చికిత్సతోపాటు రోగి తరలింపును కూడా చేర్చింది. 2005 ఆగస్టు 15న 108 సేవను ప్రారంభించి, పైలట్‌తోపాటు శిక్షణ పొందిన టెక్నీషియన్‌ను పల్లెల దాకా పంపి, దేశానికి దారి చూపినది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్. అటువంటి తెలుగు రాష్ట్రాలు ఈ విషయంలో వెనుకబడి ఉండటం శోచనీయం.

ఇది మన సమస్య ఎందుకు?

ఇది అందరి సమస్య కదా, మైనారిటీ పత్రికలో ఎందుకని కొందరు అడగవచ్చు. నిజమే, రోగానికి మతం లేదు. మా వ్యానులో ప్రయాణించినవారిలో సగంమంది పక్కనున్న దళితవాడ వారే. కాని ఎవరు ఏ వాహనం ఎక్కుతారో చూడండి. కలిగినవారికి కార్పొరేట్ ఆసుపత్రి తన వాహనాన్నీ, తన సిబ్బందినీ పంపుతుంది. 108 రాలేని వేళ, పెద్ద బండి దూరలేని సందుల్లో, పేదవాడికి మిగిలేది మా వంటి చందాల వ్యాను, లేదా ఆసుపత్రి గేటు వద్ద బేరమాడే ప్రైవేటు బండి. ముస్లిం జనాభా ఎక్కువగా ఉన్న గ్రామాల్లో వైద్య సదుపాయాల కొరతను 2006లోనే సచార్ కమిటీ ఎత్తిచూపింది. ఆసుపత్రి ఎంత దూరమైతే ప్రయాణం అంత ప్రాణాంతకం. వాహనంలో ఉన్న మనిషి విలువ అంత ఎక్కువ. కాన్పు నొప్పులతో ఉన్న స్త్రీ పక్కన శిక్షణ పొందిన మహిళ ఉండాలన్న మాటను కూడా మనం తప్ప ఎవరు గట్టిగా అడుగుతారు?

ఇక్కడ మా కమిటీలోనే ఒక మిత్రుడు లేవనెత్తిన అభ్యంతరాన్ని దాచను. ‘లైసెన్సు అంటే ఫీజులు, తనిఖీలు, లంచాలు. నెలజీతమిచ్చి టెక్నీషియన్‌ను పెట్టుకునే స్తోమత మనకు ఎక్కడిది? చివరికి ఈ వ్యాను కూడా ఆగిపోతుంది. అసలేమీ లేకపోవడం కంటే ఇది మేలు కాదా?’ అని ఆయన ప్రశ్న. ప్రభుత్వ కార్యాలయంలో బ్రతుకంతా గడిపినవాడిగా ఈ భయంలోని నిజం నాకు తెలుసు. గుడ్డిగా కఠినమైన నిబంధన పెడితే పేదల వాహనాలు మూలబడి, పెద్ద సంస్థలే మిగులుతాయి.

అందుకే నేను కోరేది తరగతులవారీ లైసెన్సు. రోగిని తరలించడం మాత్రమే చేసే వాహనానికి సులభమైన లైసెన్సు, స్వల్ప రుసుము, డ్రైవరుకు ప్రథమ చికిత్స శిక్షణ చాలు. ఆక్సిజన్, ప్రాణరక్షణ అన్న మాటలు వాహనంపై వ్రాసుకోవాలంటే మాత్రం అర్హత గల సాంకేతిక నిపుణుడు ప్రతి ప్రయాణంలోనూ ఉండి తీరాలి. ఏ తరగతి వాహనమో తెలుగులోనూ, ఉర్దూలోనూ బయట స్పష్టంగా కనిపించాలి. ఆ వివరం 108 కేంద్రం వద్ద కూడా నమోదై ఉంటే, ఏ రోగికి ఏ వాహనం పంపాలో వారికి తెలుస్తుంది. ధర్మాదాయ సంస్థలు పంపే యువతీయువకులకు జిల్లా ఆసుపత్రుల్లో ఉచిత శిక్షణ ఇవ్వాలి. మైనారిటీ సంక్షేమ నిధుల్లో కొంత దీనికి కేటాయించాలి. డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న మన పిల్లలకు ఇది గౌరవప్రదమైన ఉపాధి కూడా.

ప్రభుత్వం చట్టం చేసేదాకా మనం ఆగవలసిన పనిలేదు. చందా ఇచ్చినవారి సొమ్ము మన చేతిలో ఎలా అమానత్తో, వాహనమెక్కిన రోగి ప్రాణమూ అలాగే అమానత్. సేవ ఉచితమైనంత మాత్రాన లోపానికి మన్నింపు దొరకదు. ప్రతి కమిటీ తన వాహనం తలుపు తెరిచి మూడు ప్రశ్నలు వేసుకోవాలి: సిలిండరు నిండుగా ఉందా? దాన్ని తెరవడం తెలిసినవాడు ఉన్నాడా? లేకపోతే ఆ మాట బయట ఎందుకు వ్రాశాము?

మా కమిటీ ఆలస్యంగానైనా ఆ ప్రశ్నలు వేసుకున్నది. ‘ఆక్సిజన్ సౌకర్యం కలదు’ అన్న పంక్తిపై తెల్లరంగు పూయించాము. ఇద్దరిని శిక్షణకు పంపాము. వారిలో ఒకడు ఆ రాత్రి తండ్రి పక్కన కూర్చున్న పిల్లవాడు. వారు నేర్చుకుని తిరిగివచ్చేదాకా ఆ పంక్తి రంగు కిందే ఉంటుంది.