అప్పు వాళ్ళది, వాయిదాలు మావి

సోమవారం పొద్దున్నే ఆఫీసుకెళ్తే నన్ను పరామర్శించడానికి ఇద్దరు ముగ్గురు సిద్ధంగా ఉంటారు. మాంచెస్టర్ యునైటెడ్ అభిమాని అన్నవాడికి ఈ పదేళ్ళలో ఇది అలవాటైపోయింది. 2025 ఆగస్టులో నాలుగో డివిజన్ జట్టు గ్రిమ్స్‌బీ చేతిలో పెనాల్టీల్లో 12-11 తో ఓడిపోయినప్పుడైతే, పాపం జాలిపడి టీ కూడా వాళ్ళే ఇప్పించారు. వీటికి నేనేమీ అనుకోను. ఆటన్నాక ఓడతారు. కానీ మా టీములో ఒక ఆర్సెనల్ అభిమాని ఉన్నాడు. వాడిది ఎప్పుడూ ఒకటే పాట. "ఆటగాళ్ళ మీద మీరు తగలేసినన్ని డబ్బులు ఎవరు తగలేశారు మామా? అయినా గ్లేజర్లు, గ్లేజర్లు అని ఓనర్ల మీద పడి ఏడుస్తారేంటి?"

దీనికి స్టాండప్ మీటింగుకి ముందు దొరికే రెండు నిముషాల్లో సమాధానం చెప్పలేం. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

2005కి ముందు మాంచెస్టర్ యునైటెడ్‌కి అప్పుల్లేవు. ఆ ఏడాది ఫ్లోరిడాకి చెందిన మాల్కమ్ గ్లేజర్ అనే వ్యాపారి క్లబ్బుని కొన్నాడు. లెక్క 79 కోట్ల పౌండ్లు. అందులో 50 కోట్లకు పైగా అప్పు తెచ్చిందే. అప్పు తెచ్చి కొనడంలో వింతేముంది, మనమందరం ఫ్లాట్లు అలాగే కదా కొంటున్నాం అనొచ్చు. అక్కడే ఉంది తిరకాసు. మన హోమ్ లోనుకి ఈఎంఐ కట్టేది మన జీతంలోంచి. ఇక్కడ అలా కాదు. అప్పుల్లేని ఒక ఇంట్లో కొన్ని కుటుంబాలు తరతరాలుగా అద్దెకుంటున్నాయనుకోండి. ఒకాయన వచ్చి ఆ ఇంటినే తాకట్టు పెట్టి, ఆ డబ్బుతోనే ఆ ఇంటిని కొని, నెల తిరిగేసరికి "ఈఎంఐ కట్టాలి, అద్దె పెంచుతున్నా" అంటే ఎలా ఉంటుంది? దీన్ని లెవరేజ్డ్ బయౌట్ అంటారు. పూర్తిగా చట్టబద్ధం. ఎంబీఏ వాళ్ళకి పాఠం కూడా చెప్తారు.

ఆ అప్పుల్లో ఒక భాగానికి మొదట్లో వడ్డీ 14.25 శాతం. మన పర్సనల్ లోన్ల రేటన్నమాట! 2010లో 50 కోట్ల పౌండ్ల బాండ్లు అమ్మి పాత అప్పు తీర్చి కొత్త అప్పు చేశారు. 2012లో న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజీలో షేరు 14 డాలర్ల చొప్పున అమ్మితే, వచ్చిన దాంట్లో సగం క్లబ్బు అప్పు తీర్చడానికి వెళ్ళింది, సగం ఆ కుటుంబం జేబులోకి వెళ్ళింది. పైగా బయటవాళ్ళ షేరుకి ఒక ఓటు, కుటుంబం దగ్గరుంచుకున్న షేరుకి పది ఓట్లు. వడ్డీలు, ఫీజులు, డివిడెండ్లు అన్నీ కలిపితే 2005 నుంచి ఇప్పటిదాకా క్లబ్బు నుంచి బయటికి పోయింది 100 కోట్ల పౌండ్ల పైమాటే. మరి అప్పు తీరిందా? 2025 నాటికి ఇంకా 65 కోట్ల డాలర్లు అలాగే ఉంది. ఇరవై ఏళ్ళు వడ్డీ కట్టాక కూడా అసలు కదల్లేదు. మా తాతగారు చూసుంటే "ఇదేం అప్పురా, షావుకారు దగ్గర కూడా ఇంత అన్యాయం లేదు" అనుండేవారు.

ఇప్పుడు ఆర్సెనల్ వాడి సంగతి. వాళ్ళకీ అప్పు ఉండేది. 2006లో హైబరీ వదిలి ఎమిరేట్స్ స్టేడియంకి మారినప్పుడు ఆ భారం మీదేసుకున్నారు. ఆ ఏళ్ళలోనే ఆన్రీని, ఫాబ్రెగాస్‌ని అమ్ముకున్నారు. 2012లో వాన్ పెర్సీని మాకే అమ్మారు, వాడు వచ్చి మాకు లీగు గెలిపించాడు (ఈ విషయం మా వాడి దగ్గర ఎత్తితే ఆ రోజు కోడ్ రివ్యూ ఆలస్యమవుతుంది). కష్టపడ్డారు, నిజమే. కానీ చివరికి వాళ్ళకి అరవై వేల సీట్ల స్టేడియం మిగిలింది. టాటెన్‌హామ్ అప్పుకీ స్టేడియం మిగిలింది. మా అప్పుకి మాకేం మిగిలింది? ఓనరు పేరు మారింది, అంతే. 2024 మేలో అదే ఆర్సెనల్ మా ఇంటికొచ్చి 1-0తో గెలిచిన రోజు గాలివాన వచ్చి ఓల్డ్ ట్రాఫర్డ్ కప్పు మీంచి నీళ్ళు జలపాతంలా స్టాండ్లోకి దూకాయి. ప్రపంచమంతా ఆ వీడియో చూసి నవ్వింది. మేమూ నవ్వాం, ఇంకేం చేస్తాం.

అంటే అప్పు చెయ్యడం తప్పని కాదు నా వాదన. దేనికి చేశారన్నదే ప్రశ్న.

సరే, మరి కొన్నేళ్ళు బాగానే గెలిచారుగా అంటారా? గెలిచాం. గ్లేజర్లు వచ్చాక కూడా 2007, 2008, 2009, 2011, 2013లో లీగు, 2008లో మాస్కోలో ఛాంపియన్స్ లీగు. నేను ఫుట్‌బాల్ పిచ్చిలో పడింది ఆ మాస్కో ఫైనల్‌తోనే. ఐతే అది ఫెర్గుసన్ చలవ. మన ఫీల్డులో వాళ్ళకి ఇది ఇట్టే అర్థమవుతుంది. ప్రతి కంపెనీలో ఒక పాత సిస్టమ్ ఉంటుంది, దాన్ని ఒక్క పెద్దాయన నడుపుతుంటాడు. డాక్యుమెంటేషన్ ఉండదు, సర్వర్లు పాతబడిపోయి ఉంటాయి, అయినా ఆయనున్నంత కాలం ప్రొడక్షన్ పడదు. మేనేజ్‌మెంటు "చూశారా, ఖర్చు లేకుండా ఎంత బాగా నడుస్తోందో" అని సంబరపడుతుంది. ఆయన రిటైరైన మర్నాడు తెలుస్తుంది లోపల ఎంత టెక్నికల్ డెట్ పేరుకుపోయిందో. 2013 మేలో ఫెర్గుసన్ రిటైరయ్యాడు. మరుసటి సీజన్లో ఏడో స్థానం. ఆ తర్వాత ఇంతవరకూ లీగు గెలవలేదు.

ఇక ఆ "తగలేసిన డబ్బు" సంగతి. అది అబద్ధం కాదు. పోగ్బా, మగ్వైర్, ఆంటొనీ... ఒక్కొక్కడికీ ఎనిమిది కోట్ల పౌండ్లు, ఆపైన. అయితే అదేమీ గ్లేజర్లు ఇంటినుంచి తెచ్చింది కాదు. క్లబ్బు సంపాదన, క్లబ్బు పేరు మీద అప్పులు, వాయిదాల పద్ధతిలో కొన్న ఆటగాళ్ళు. ఖర్చు పెట్టించిందెవరు? 2013 నుంచి ఏళ్ళ తరబడి క్లబ్బుని నడిపించిన ఎడ్ వుడ్‌వర్డ్, 2005లో గ్లేజర్లకి ఈ కొనుగోలులో సాయపడ్డ బ్యాంకరు. ఫుట్‌బాల్ వ్యవహారాలు చూడ్డానికి ఒక డైరెక్టరుని పెట్టుకోవడానికి 2021 దాకా పట్టింది. ఈలోగా మోయెస్, వాన్ హాల్, మొరిన్యో, సోల్షార్... తర్వాత టెన్ హాగ్, అమోరిమ్. కొత్త ఆర్కిటెక్ట్ వచ్చినప్పుడల్లా ఫ్రేమ్‌వర్క్ మార్చి, పాత కోడ్ రాసినవాళ్ళని బెంచి మీద కూర్చోబెట్టినట్టు సాగింది కథ.

నన్ను నిజంగా మండించేది ఇవేవీ కావు. ఆ వుడ్‌వర్డే 2018లో ఇన్వెస్టర్లతో మాట్లాడుతూ, మైదానంలో ఫలితాలకీ తమ వాణిజ్య ఆదాయానికీ పెద్దగా సంబంధం లేదన్న అర్థం వచ్చేలా చెప్పాడు. అప్పుడు అందరూ తిట్టారు. కానీ ఆయన చెప్పింది నిజమని లెక్కలే తేల్చాయి. 2024-25లో మేం లీగులో 15వ స్థానంలో నిలిచాం. 42 పాయింట్లు, 18 ఓటములు. 1974లో కింది డివిజన్‌కి దిగజారిన తర్వాత అంత ఘోరమైన లీగు సీజన్ లేదు. యూరోపా లీగు ఫైనల్లో టాటెన్‌హామ్ చేతిలోనూ ఓడిపోయాం. ఆ ఏడాది క్లబ్బు ఆదాయమెంతో తెలుసా? 66.65 కోట్ల పౌండ్లు. క్లబ్బు చరిత్రలోనే రికార్డు!

ఇంకోసారి చదవండి. దారుణమైన సీజన్లో అత్యధిక ఆదాయం. మన ప్రాజెక్టులో వరసగా పదేళ్ళు రిలీజులు ఫెయిలైతే క్లయింటు పక్క కంపెనీకి పోతాడు. ఆ భయమే మేనేజ్‌మెంటుని అదుపులో పెడుతుంది. ఇక్కడ క్లయింటు ఎక్కడికీ పోడు. మొబైల్ నంబరు పోర్ట్ చేసుకున్నట్టు అభిమానాన్ని పోర్ట్ చేసుకోలేడు. తాతతో వెళ్ళాడు, తండ్రితో వెళ్ళాడు, ఇప్పుడు కొడుకుని తీసుకెళ్తాడు. 2005లో బ్యాంకులకి చూపించిన అసలు తాకట్టు స్టేడియం కాదని నా అనుమానం. ఈ కదల్లేనితనమే ఆ తాకట్టు.

కదిలినవాళ్ళూ లేకపోలేదు. 2005లోనే కొందరు విసిగిపోయి ఎఫ్‌సీ యునైటెడ్ ఆఫ్ మాంచెస్టర్ అని సొంత క్లబ్బు పెట్టుకున్నారు. సభ్యులదే యాజమాన్యం, మనిషికొక ఓటు. గొప్ప పని. కానీ వాళ్ళు ఆడేది కింది లీగుల్లో, లక్షల మందికి అది ప్రత్యామ్నాయం కాలేదు. 2010లో క్లబ్బు పాత పేరు న్యూటన్ హీత్ రంగులైన ఆకుపచ్చ, బంగారు రంగు స్కార్ఫులతో స్టేడియం నింపారు. బెకమ్ కూడా మిలాన్ తరఫున ఆడటానికి వచ్చి, మాచ్ అయ్యాక ఒకటి మెడలో వేసుకున్నాడు. గ్లేజర్లు చలించలేదు. స్కార్ఫు కొన్నవాడు లోపలికి రావడానికి టికెట్టూ కొన్నాడు కదా :)

2021 ఏప్రిల్లో సూపర్ లీగు గొడవప్పుడు మాత్రం అభిమానులు గెలిచారు. పెద్ద క్లబ్బులన్నీ కలిసి ప్రకటించిన పథకం రెండు మూడు రోజుల్లో కుప్పకూలింది. మే 2న జనం ఓల్డ్ ట్రాఫర్డ్‌లోకి చొచ్చుకుపోతే లివర్‌పూల్‌తో మాచ్ వాయిదా పడింది. ఆ ఊపుతో ఓనర్లు కూడా పోతారనుకున్నాం. పోలేదు. 2024 ఫిబ్రవరిలో జిమ్ రాట్‌క్లిఫ్ అనే బ్రిటిష్ కోటీశ్వరుడు నాలుగో వంతుకి కాస్త పైగా వాటా కొని, ఆట వ్యవహారాలు చేతిలోకి తీసుకున్నాడు. మెజారిటీ ఓట్లు మాత్రం గ్లేజర్ల దగ్గరే ఉన్నాయి.

ఆయన వచ్చి చేసిన మొదటి పనులు మనవాళ్ళకి బాగా పరిచయమైనవే. 2024లో 250 ఉద్యోగాల కోత. 2025లో ఇంకో 200 దాకా అన్నారు. ఓల్డ్ ట్రాఫర్డ్‌లో ఉద్యోగుల కాంటీన్ మూసేసి, భోజనం బదులు పళ్ళు ఇస్తామన్నారు. సీజన్ మధ్యలో టికెట్లు 66 పౌండ్లు చేసి, పిల్లలకీ ముసలివాళ్ళకీ ఉన్న రాయితీ తీసేశారు. అదే సమయంలో, 2024 వేసవిలో కాంట్రాక్టు పొడిగించిన టెన్ హాగ్‌ని అక్టోబరులో తీసేసినందుకు అయిన ఖర్చు, ఆయన సిబ్బందితో కలిపి, 1.04 కోట్ల పౌండ్లు. ఐదు నెలలకే సాగనంపిన స్పోర్టింగ్ డైరెక్టర్ ఆష్‌వర్త్‌కి ఇంకో 41 లక్షలు. లేఆఫ్ మెయిలు అందుకున్న ఏ ఇంజినీరుకైనా ఈ లెక్కలో వాసన తెలుస్తుంది. పైవాడి తప్పుకి సెటిల్‌మెంటు, కిందవాడి ఒప్పుకి నోటీసు.

అభిమానులే ఓనర్లైతే అన్నీ సర్దుకుంటాయా? అలాగని నేననను. బార్సిలోనా సభ్యులదే. అయినా వంద కోట్ల యూరోలు దాటిన అప్పుల్లో మునిగి, 2021లో మెస్సీని వదులుకుంది. కానీ ఒక తేడా చూడండి. అంతకుముందే అక్కడి సభ్యులు అవిశ్వాస తీర్మానానికి సంతకాలు సేకరించారు, అధ్యక్షుడు బార్తొమేవు 2020 అక్టోబరులో రాజీనామా చెయ్యాల్సొచ్చింది. తప్పు చేసినవాణ్ణి దింపే దారి ఒకటుంది. జర్మనీలో సగానికి పైగా ఓట్లు సభ్యుల చేతిలో ఉండాలన్న నియమం ఉన్నదీ అందుకే. మాకు ఆ బటన్ లేదు. లివర్‌పూల్‌కీ ఇలాగే 2007లో అప్పు తెచ్చి కొన్న హిక్స్, జిలెట్ తగులుకున్నారు. వాళ్ళు 2010లో పోయారు, నిజమే. అభిమానులు గట్టిగానే పోరాడారు, కానీ చివరికి పని జరిగింది బ్యాంకు అప్పు గడువు ముంచుకొచ్చినందువల్ల. మా వాళ్ళు గడువుకి ముందే కొత్త అప్పు చేసి పాతది తీర్చే రకం.

ఎక్కడో ఇంగ్లండులో గొడవ, మనకెందుకు అని మీలో కొందరికి అనిపిస్తుండొచ్చు. మన గచ్చిబౌలి సంగతి చూడండి. రహీం సాబ్ ఊరు మనది. 1962 ఏషియన్ గేమ్స్‌లో బంగారు పతకం తెచ్చిన కోచ్ ఆయన. ఆ ఊరికి 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. 2022 మార్చిలో గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీల్లో ఓడించి ఐఎస్ఎల్ కప్పు కొట్టింది, కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. మరుసటి ఏడు ఆఫీసు నుంచి బ్యాగులు తగిలించుకుని బాలయోగి స్టేడియంకి నడిచిపోయేవాళ్ళం. ఆ తర్వాత డబ్బులాగిపోయాయి. జీతాల బకాయిలు, కొత్త ఆటగాళ్ళని తీసుకోకుండా నిషేధాలు, విదేశీ ఆటగాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోవడం. 2023-24లో 22 మాచుల్లో ఒక్కటే గెలుపు, అట్టడుగు స్థానం. 2024లో ఓనర్లు మారారు. 2025లో క్లబ్బునే ఢిల్లీకి తరలించి పేరు మార్చేశారు.

మాంచెస్టర్ వాళ్ళకి గొడవ చెయ్యడానికి కనీసం ఒక గేటుంది. మా పసుపు జెర్సీ బీరువాలో ఉంది, దాన్ని వేసుకుని ఎవరి గేటు ముందు నిలబడాలో ఇప్పటికీ తెలీదు.