పింఛను సరే, మేళం మాటేమిటి?

దేవరుప్పుల: అప్పిరెడ్డిపల్లెకు చెందిన చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ లభించడం పాత వరంగల్లు జిల్లా వాసులందరికీ గర్వకారణం. పద్మశ్రీ పొందిన కళాకారులకు నెలకు 25 వేల రూపాయల పింఛను ఇస్తామని రాష్ట్ర ప్రభుత్వం అదే యేడు ప్రకటించింది.

ఇది హర్షించదగ్గదే. అయితే చిందు ఒక్కరు ఆడే ఆట కాదు. హార్మోనియం, మద్దెల, తాళం, వేషగాళ్ళు కలిస్తేనే మేళం. లోగడ మిరాశీ గ్రామాలవారు పంట చేతికి వచ్చినపుడు ఇచ్చే గింజలతోనే మేళాలు బ్రతికాయి. ఆ ఆదరువు నేడు సన్నగిల్లింది.

సర్కారు ఆదరణా నిలకడగా లేదు. ఉమ్మడి రాష్ట్రంలోని సంగీత నాటక అకాడమీని 1983లో రద్దు చేశారు. 1985లో తెలుగు విశ్వవిద్యాలయం వచ్చింది. తెలంగాణ ఏర్పడిన 2014లో సాంస్కృతిక సారథి వెలసి, వందలాది కళాకారులకు జీతాలు దొరికాయి. కాని వారి ముఖ్యమైన పని ప్రభుత్వ పథకాల గురించి ఆడిపాడి చెప్పడం. తెల్లవార్లూ భాగవతం ఆడే మేళానికి అందులో చోటు తక్కువ.

పింఛను ముసలితనంలో కూడు పెడుతుంది, విద్యను మాత్రం తర్వాతి తరానికి అందించలేదు. గురువుతోపాటు శిష్యులకు కూడా నెలనెలా భత్యమిచ్చే కేంద్ర పథకం ఒకటి వుంది. దానికి కావలసిన కాగితాలు సమకూర్చుకోవడం పల్లె మేళాలకు తలకు మించిన పని. జిల్లా అధికారులు ఈ విషయంలో తోడ్పడవలసి వుంది. గ్రామ పంచాయతీలు కూడా జాతరనాడు ఒక రాత్రి మేళాన్ని ఆడించవచ్చు. ఆట వుంటేనే నేర్చుకునే పిల్లలుంటారు.