ప్రయోగశాల తరలింపులో లెక్కకు రాని ఖర్చు

రక్షణ పరిశోధన, అభివృద్ధి సంస్థ పునర్వ్యవస్థీకరణను పరిశీలించడానికి కేంద్ర ప్రభుత్వం 2023లో విజయరాఘవన్ సంఘాన్ని నియమించినది మొదలు, ప్రయోగశాలల ఉద్యోగులు సమావేశాలలో నన్ను తరచు అడుగుతున్న ప్రశ్న ఒకటున్నది: "మమ్మల్ని ఎక్కడికి పంపుతారు?" ఆ ప్రశ్నను మనకంటె ముందుగా ఎదుర్కొన్న ఒక అమెరికన్ ప్రాంతపు అనుభవాన్ని మన ఉద్యోగ సోదరులు తెలుసుకోవడం అవసరం.

న్యూజెర్సీ రాష్ట్రంలో ఈటన్‌టౌన్, ఓషన్‌పోర్ట్, టింటన్ ఫాల్స్ అనే మూడు చిన్న పట్టణాల పరిధిలో ఫోర్ట్ మన్మత్ అనే సైనిక కేంద్రం ఉండేది. 1917లో సిగ్నల్ దళానికి శిబిరంగా మొదలై, క్రమంగా అది సైనిక సమాచార సాధనాల పరిశోధనకు నిలయమైంది. విమానాలను దూరం నుండే పసిగట్టే రాడార్‌ను ఇక్కడి ఇంజనీర్లు 1937లో ప్రదర్శించారు. 1946 జనవరి 10న దీని అనుబంధ ప్రయోగశాల నుండి పంపిన రేడియో తరంగాలు చంద్రుని తాకి రెండున్నర సెకన్లలో తిరిగి వచ్చాయి. 1953లో సెనేటర్ మెకార్థీ గూఢచారుల వేట పేరిట ఇక్కడి ఉద్యోగుల మీద పడ్డాడు. పలువురు సస్పెండయ్యారు, చాలామంది ఏళ్ళ తరబడి పోరాడి తిరిగి ఉద్యోగాలలో చేరారు. సైనిక ప్రయోగశాలలో ఉద్యోగం సుఖాసనమని భ్రమపడేవారికి ఈ సంగతి చెప్పవలసి ఉన్నది.

2005 మే నెలలో ఈ కేంద్రం పేరు మూసివేత జాబితాకెక్కింది. పనులను సుమారు 200 కిలోమీటర్ల దూరాన, మేరీలాండ్‌లోని అబర్డీన్‌కు మార్చాలని నిర్ణయం. దాదాపు 5 వేల మంది పౌర ఉద్యోగులు, ప్రజాప్రతినిధులు, స్థానిక వ్యాపారులు ఏకమై ఎదిరించారు. యుద్ధరంగంలో ఉన్న సైన్యానికి అందే సేవలు దెబ్బతినవని రక్షణ మంత్రి ముందుగా కాంగ్రెసుకు నివేదించాలని విచారణ సంఘం షరతు పెట్టింది. తరలింపు మాత్రం ఆగలేదు. 2011 సెప్టెంబరు 15న జెండా దించారు.

పొదుపు కోసమే కదా ఇదంతా! 78 కోట్ల డాలర్లతో ముగుస్తుందన్న తరలింపు అంచనా రెండేళ్ళలోనే దాదాపు రెండింతలైంది. ఆ సంవత్సరపు మూసివేతలన్నింటికీ కలిపి వేసిన 2,100 కోట్ల డాలర్ల అంచనా చివరకు 3,500 కోట్లు దాటింది.

నా దృష్టిలో పెద్ద నష్టం డబ్బు కాదు. పాతికేళ్ళ క్రితం మా సంఘ పరిధిలోని ఒక సంస్థను వేరొక నగరానికి మార్చారు. బల్లలు, బీరువాలు, యంత్రాలు లారీలలో క్షేమంగా చేరాయి. ఒక పాత పరీక్షాయంత్రం గుట్టు తెలిసిన సీనియర్ మెకానిక్ మాత్రం కూతురి చదువు నిమిత్తం కదలలేక స్వచ్ఛంద విరమణ తీసుకున్నాడు. ఆ యంత్రం కొత్తచోట ఏడాదిపాటు గుడ్డ కప్పుకొని కూర్చున్నది. దాని ధర తరలింపు పత్రాలలో ఉన్నది. అతని విలువ ఏ పత్రంలోనూ లేదు.

యుద్ధసామగ్రి పరిశోధనను కార్మిక సంఘం ఎందుకు కాపాడాలని శాంతి ఉద్యమ మిత్రులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కాని ప్రయోగశాల మేరీలాండ్‌కు పోయినందువల్ల ఒక్క ఆయుధమూ తగ్గలేదు. మూడు పట్టణాలలో జీతాలు తగ్గాయి. ఖాళీ అయిన వెయ్యి ఎకరాల పైచిలుకు స్థలంలో దాదాపు 290 ఎకరాలను సినిమా స్టూడియోల కోసం నెట్‌ఫ్లిక్స్‌కు అమ్మాలని నిర్ణయించేసరికి 2022 వచ్చింది. అంటే పదకొండేళ్ళు.

ఇక్కడ మనం నిజాయితీగా ఒక మాట ఒప్పుకోవాలి. హైదరాబాదులోని రక్షణ లోహ పరిశోధనశాలకు మూలం బెంగాల్‌లోని ఈశాపూర్. క్షిపణుల ప్రయోగశాల 1962లో ఢిల్లీ నుండి వచ్చింది. మనం పొందినది మరొకచోట ఎవరో వదులుకున్నదే. అబర్డీన్ కార్మికుడు మన్మత్ కార్మికునికి శత్రువు కాడు. వారిద్దరినీ పోటీకి నిలిపిన పద్ధతితోనే మన తగాదా.

అందువల్ల "ఎన్నటికీ కదలం" అన్న నినాదాన్ని నేను సమర్థించను. ఏ ప్రయోగశాలనైనా విలీనం చేసే, తరలించే ప్రతిపాదన వచ్చినపుడు ఖర్చు అంచనా, కదలలేని ఉద్యోగుల సంఖ్య, ఖాళీ అయ్యే స్థలం గతి, ఈ మూడింటినీ నిర్ణయానికి ముందే గుర్తింపు సంఘానికీ, స్థానిక పురపాలక సంఘానికీ రాతపూర్వకంగా ఇవ్వాలని కోరుదాం. రానున్న శాఖా సమావేశాలలో ఈ తీర్మానం చేసి కేంద్ర కార్యాలయానికి పంపగలరు.