నీళ్ళు ఎక్కవు, నీళ్ళు దిగవు

"అక్కా, నీ మాట పట్టుకుని రేపల్లె పిన్ని చిక్కుల్లో పడిందే!" అని మా చెల్లెలు బాపట్ల నుంచి ఫోను చేసేసరికి నాకు కాలూ చెయ్యీ ఆడలేదు. పిన్నితో నేను మాట్లాడి నెల దాటింది. ఏ మాట చెప్పాను చెప్మా అని తల పట్టుకున్నాను. తీరా చూస్తే అది బట్టలుతికే మెషిన్ సంగతి. తప్పులో సగం నాదే. ఆ కథ మీ ఇంట్లో కూడా పనికి వస్తుందని ఈ వారం రాస్తున్నాను.

మొదలు తెనాలిలో, మా ఇంట్లోనే. కిందటేడు మేము కింది వాటాలోంచి మేడమీది వాటాలోకి మారాం. మెషిన్ కూడా మాతోపాటు మేడ ఎక్కింది. ఎక్కిన నాటి నుంచీ దానికి నీళ్ళు ఎక్కడం మానేశాయి. అరగంటసేపు సన్నగా చప్పుడు చేసి, నీళ్ళు రావడంలేదని ఎర్రదీపం వెలిగించి వూరుకునేది. మావారు "దాని ఆయువు తీరిందిలే" అన్నారు. ఆయనకు ఏ వస్తువైనా మూడోసారి మొరాయిస్తే ఆయువు తీరినట్టే.

నేను ప్లగ్గు తీసేసి, కుళాయి కట్టేసి, నీళ్ళు వచ్చే గొట్టాన్ని మెషిన్ దగ్గర విప్పాను. ఆ కొస బకెట్టులో పెట్టి కుళాయి తిప్పితే నీళ్ళు దారంలా పడ్డాయి. బకెట్టే నిండనప్పుడు మెషిన్‌ను తిట్టి ఏం లాభం? గొట్టం బిగించేచోట, మెషిన్ మూతిలో చిన్న జల్లెడ వుంటుంది. పట్టకారుతో మెల్లగా లాగితే వచ్చింది. దాని నిండా ఒండ్రు! 1855 నాటి ఆనకట్ట నుంచీ, ఆ తరువాత 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజీ నుంచీ మా వూళ్ళు కృష్ణ కాలువల నీళ్ళే తాగుతున్నాయి. కృష్ణమ్మ పొలానికి మోసుకొచ్చే ఒండ్రు బంగారమే గాని, జల్లెడలో చేరితే గొంతుకడ్డం.

పాత పళ్ళబ్రష్షుతో కడిగి పెట్టాను. కొంచెం నయమయింది గాని పూర్తిగా కుదరలేదు. అప్పుడు పైకి చూశాను. ట్యాంకు మా నెత్తిమీద స్లాబుపైనే కూర్చుని వుంది. పది మీటర్ల ఎత్తు నుంచి దిగే నీటికి సుమారు ఒక బార్ ఒత్తిడి వస్తుంది. చాలా ఫ్రంట్ లోడ్ మెషిన్లు కనీసం 0.3 నుంచి 0.5 బార్ దాకా అడుగుతాయి. కొన్ని ఇంకా ఎక్కువ. అంటే కుళాయికి మూడు నుంచి అయిదు మీటర్ల పైన ట్యాంకు వుండాలి. మాకు వున్నది రెండు మీటర్లు. ఇక మెషిన్ ఏం చేస్తుంది పాపం! ఇంటివారిని అడిగి దాన్ని మళ్ళీ మెట్ల కిందికి దించాం. నీళ్ళు బుస్సున ఎక్కాయి. దించే వీలు లేనివాళ్ళు ట్యాంకు కింద దిమ్మ ఎత్తించాలి, లేదా ఒత్తిడి పెంచే చిన్న పంపు పెట్టించాలి.

పైసా ఖర్చు లేకుండా బాగుచేశానని నాకు కాస్త గర్వం పట్టుకున్నమాట నిజం. ఆ గర్వంతోనే సంక్రాంతికి బాపట్ల వెళ్ళాను.

మా చెల్లెలిది టాప్ లోడ్ మెషిన్. దాని జబ్బు వేరు. నీళ్ళు ఎక్కుతాయి, బట్టలు ఉతుకుతుంది, ఆ మురికినీళ్ళు దిగవు. నీళ్ళు దిగితే గాని పిండదు కనుక బట్టలు అందులోనే నానుతూ వుంటాయి. వెనక్కి వెళ్ళి చూశాను. పెరటి గచ్చు తడవకుండా వుండాలని మరిదిగారు నీళ్ళుపోయే గొట్టాన్ని అడుగెత్తు గట్టు మీదుగా అవతలికి వేశారు. ఇలాంటి టాప్ లోడ్ మెషిన్లలో చాలావాటికి నీళ్ళు తోడే పంపు వుండదు. అడుగున తూము తెరుచుకుంటుంది, నీరు తన బరువుతో తనే జారిపోవాలి. నీరు పల్లమెరుగు అన్నారు, గట్టెక్కమంటే ఎక్కదు. గొట్టం గట్టు మీంచి తీసి, మడతలు విప్పి నేలమీద పరిచాం. రెండు నిమిషాల్లో తొట్టి ఖాళీ.

"చూశావా, గొట్టం ఎప్పుడూ కిందనే వుండాలి. గుర్తుపెట్టుకో" అన్నాను పెద్దరికంగా. మా చెల్లెలు గుర్తుపెట్టుకుంది. అక్కడే వచ్చింది చిక్కు.

రేపల్లె పిన్ని ఫోనులో "మా మెషిన్‌లో నీళ్ళు నెమ్మదిగా పోతున్నాయే" అంటే, మా చెల్లెలు "గొట్టం కింద పెట్టు పిన్నీ, అక్క చెప్పింది" అన్నదట. పిన్ని పెట్టింది. పిన్నిది ఫ్రంట్ లోడ్ మెషిన్. ఆ రోజు నుంచి దానికి నీళ్ళు ఎంతకీ నిండవు. గంటల తరబడి పోస్తూనే వుంటుంది, ట్యాంకు ఖాళీ అవుతుంది. ఒక మెకానిక్ వచ్చి, ముందు నుంచే చూసి, "బోర్డు పోయిందమ్మా, తొమ్మిదివేలవుతుంది" అని రెండువేలు అడ్వాన్సు పట్టుకెళ్ళాడు. మళ్ళీ రాలేదు.

మరునాడే తెనాలిలో రేపల్లె రైలెక్కాను. బాబాయికి పక్షవాతం వచ్చి రెండేళ్ళయింది. మంచం మీదనే అన్నీ. రోజుకు మూడు దుప్పట్లయినా ఉతకాలి. అందుకనే వాళ్ళబ్బాయి వుద్యోగం రాగానే ఆ మెషిన్ కొనిపెట్టాడు. నేను వెళ్ళేసరికి పిన్ని పంపు దగ్గర పీటమీద కూర్చుని దుప్పటి పిండుతూంది. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, పద్దెనిమిది రోజులుగా అదే పని. వేళ్ళ సందులు ఒరిసిపోయి ఎర్రబడ్డాయి.

"నీకు చెప్పగూడదు గాని అమ్మాయీ," అన్నది మెల్లగా, "మీ బాబాయి సాయంత్రం అయిదు దాటితే మంచినీళ్ళు ముట్టడంలేదు. రాత్రి దుప్పటి తడుస్తుందట, నేను ఉతకాలట. డాక్టరు నీళ్ళు బాగా తాగించమన్నాడు. ఈయన వింటేనా?"

నాకు నోటమాట రాలేదు. మెషిన్ వెనక్కి వెళ్ళి చూశాను. గొట్టం నేలమీద తూములో పడుకుని వుంది.

ఫ్రంట్ లోడ్ మెషిన్‌లో నీళ్ళు తోడడానికి పంపు వుంది. కాబట్టి గొట్టం పైకి వుండి తీరాలి. చాలావాటికి రెండు నుంచి మూడడుగుల ఎత్తు చెబుతారు. కిందికి దించామంటే, పీపాలోంచి రబ్బరుగొట్టంతో కిరసనాయిలు దింపినట్టు, పైన పోసిన నీరు పోసినట్టే దిగిపోతుంది. గ్లాసు బోర్లించి నీళ్ళలో ముంచితే లోపలి గాలి ఒత్తుకుంటుంది చూడండి, మెషిన్ కూడా అలాగే ఒక సన్నని గొట్టంలో గాలి ఒత్తుకోవడాన్నిబట్టి నీళ్ళు నిండాయని తెలుసుకుంటుంది. నీళ్ళు నిలవనిదే గాలి ఒత్తుకోదు. ఒత్తుకోనిదే అది నీళ్ళు కట్టదు. బోర్డు శుభ్రంగానే వుంది.

గొట్టాన్ని ఎత్తి వెనక కొక్కేనికి తగిలించాను. ఇక మొదటి ఫిర్యాదు, నీళ్ళు నెమ్మదిగా పోవడం. ప్లగ్గు తీసేసి, కింద మూలనున్న చిన్న తలుపు తెరిచి, పళ్ళెం పెట్టి, లోపలి నీళ్ళు కాసిని కాసినిగా వదిలి, ఫిల్టరు మూత తిప్పాను. రెండు గుండీలు, ఒక పిన్నీసు, బాబాయి మాత్రల అట్టముక్క, గుప్పెడు పీచు వచ్చాయి. ఆడించి చూస్తే నీళ్ళు నిండాయి, బట్టలు తిరిగాయి, నీళ్ళు దిగాయి.

"నా మాట వల్లనే ఇంత అయింది పిన్నీ" అన్నాను. "నువ్వు చెప్పింది దాని మెషిన్‌కే. నా మెషిన్ ఏదని అది అడగలేదు, నేనూ చెప్పలేదు" అన్నది పిన్ని. ఆ రెండువేల వూసు ఎత్తలేదు, నన్ను ఎత్తనివ్వలేదు.

ఒకరి జబ్బుకిచ్చిన మందు ఇంకొకరికి వెయ్యమని మనం చెప్పం. మెషిన్ దగ్గర మాత్రం చెప్పేస్తాం. అంచేత నీళ్ళు ఎక్కకపోతే ముందు బకెట్టు పరీక్ష, తరువాత జల్లెడ, ఆ తరువాత ట్యాంకు ఎత్తు చూడండి. దిగకపోయినా, ఎంతకీ నిండకపోయినా మీది ఏ రకమో తెలుసుకుని గొట్టం చూడండి. గొట్టం కొసను మురుగుపైపులో గాలి చొరకుండా బిగించకండి, నీళ్ళలో మునగనివ్వకండి. ఫ్రంట్ లోడ్ అయితే నెలకోసారి ఫిల్టరు కడగండి. వేడినీళ్ళతో ఉతికి వుంటే చల్లారాకనే మూత తిప్పండి. ఇవన్నీ చూశాక కూడా బాగుపడకపోతే అప్పుడు మెకానిక్‌ను పిలవండి. షాకు కొట్టినా, కాలిన వాసన వచ్చినా మాత్రం మీరు చెయ్యి పెట్టవద్దు.

ఆ సాయంత్రం నేను బయలుదేరబోతూంటే బాబాయి మంచం మీంచి చెయ్యి వూపాడు. మాట సరిగా రాదు ఆయనకు. పిన్ని వంగి చెవి పెట్టి విని, వంటింట్లోకి వెళ్ళి గ్లాసు తెచ్చింది. టైము ఆరున్నర. గ్లాసెడు నీళ్ళూ తాగి, ఇంకా కావాలన్నాడు.