చెన్నైకి కాదు, హైదరాబాద్‌కు లెక్క వేయండి

సంపాదకులకు,

వేలూరు దగ్గరి అబ్దుల్లాపురం విమానాశ్రయం వృథా ఖర్చంటూ మీ పత్రికలో వచ్చిన లేఖతో ఏకీభవించలేను. చెన్నైకి విమానం అనవసరమన్నంత వరకు నిజమే. రోడ్డున సుమారు 140 కిలోమీటర్లే. తనిఖీలకు, సామానుకు పట్టే సమయం గాలిలో కలిసొచ్చిన కాస్త సమయాన్నీ మింగేస్తుంది. హైదరాబాద్ సంగతి వేరు. నేరుగా ఎగిరితే దాదాపు 490 కిలోమీటర్లు, చిన్న విమానానికైనా గంటన్నర చాలు. వేలూరు పక్కనే ఉన్న కాట్పాడిలో రైలెక్కితే అదే ప్రయాణానికి రాత్రంతా పడుతుంది.

చెన్నై, బెంగళూరు విమానాశ్రయాలు ఉన్నాయి కదా అంటారు. మా గుడియాత్తం వారికి అవి రెండూ గంటల తరబడి రోడ్డు ప్రయాణం. అబ్దుల్లాపురమైతే ఊరి పక్కనే ఉన్నట్టు. వేలూరు సీఎంసీ ఆస్పత్రిలో శస్త్రచికిత్స చేయించుకుని, సరిగ్గా కూర్చోలేని స్థితిలో ఇంటికి బయలుదేరే తెలుగు రోగులకు ఆ రోడ్డు గంటలే అసలు బాధ. విమానం ఎగిరే సమయం ఒక్కటే చూసే లెక్కలో ఇది కనబడదు. సీట్లు నిండవన్న అభ్యంతరం మాత్రం గట్టిదే. చిన్న పట్టణాలకు విమానాలు నడిపే ఉడాన్ పథకం కింద మొదలై ఆగిపోయిన మార్గాలు చాలా ఉన్నాయి. అందుకే చెన్నైని పక్కనపెట్టి, హైదరాబాద్ వంటి దూరపు నగరాలకే ముందుగా సర్వీసులు కేటాయించాలని పౌర విమానయాన శాఖను కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, గుడియాత్తం